పాత ట్రాక్టరుకు ఏ గేరు ఆయిలు పొయ్యాలి?

సైన్సు పుస్తకంలో ఘర్షణ పాఠం ఉన్నది. యంత్రాలలో ఘర్షణ తగ్గాలంటే నూనె వెయ్యాలి అని అందులో చదివినం. ఏ నూనె అనేది మాత్రం లేదు. అది తెలియక మా ఇంట్లో నష్టం జరిగింది, అందుకే రాస్తున్నాను. మన హాస్టల్‌లో చాలామంది నాయినలు ట్రాక్టరు పనికి పోయేవాళ్ళే కదా.

మా నాయిన బోధన్ దగ్గర ఒక ఊరిలో వేరేవాళ్ళ ట్రాక్టరు నడుపుతడు. అది పాత మాస్సీ ఫెర్గూసన్ 1035. వయసులో మా అన్న కంటే పెద్దది. ఒకప్పుడు శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు మోసిందట. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది. ఇప్పుడు ఆ బండి వరి పొలాల్లో కరిగెట్టు దున్నుతుంది.

సంక్రాంతి సెలవుల్లో గేరు ఆయిలు మార్చాల్సి వచ్చింది. నాయినకు చదువు రాదు, నన్ను దుకాణానికి తోలుకపోయిండు. అక్కడ రెండు రకాల డబ్బాలు ఉన్నయి. ఒకదాని మీద 90, ఇంకోదాని మీద 140. "ఏది మంచిది బిడ్డా?" అన్నడు. "140 నాయినా" అని చెప్పిన. నేను మార్కుల లెక్క చూసిన! దుకాణం ఆయన కూడా పాత బండికి చిక్కటిదే మంచిది అన్నడు. ఆ బండికి 30 లీటర్ల దాకా పడుతుంది. అంతా 140 పోసినం.

తెల్లారి చలిలో గేరు పడలేదు. నాగలిని ఎత్తే లిఫ్టు లేవలేదు, లోపల పంపు కూత పెట్టింది. మధ్యాహ్నం బండి వేడెక్కినంక కొంచెం నయమైంది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే కథ. డ్రైవరే పాడు చేసిండని యజమాని ఆయిలు పైసలు నాయిన జీతంలో పట్టుకున్నడు. బిడ్డ చెప్తే పోసిన అని నాయిన ఒక్క మాట అనలేదు.

తర్వాత ఒక ముసలి మెకానిక్ తాత నాకు విడమర్చి చెప్పిండు. డబ్బా మీది అంకె మంచిదనానికి గుర్తు కాదు, చిక్కదనానికి గుర్తు. ఎస్.ఎ.ఇ. అనే అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన లెక్క అది. ఇంకొక తమాషా ఉన్నది. ఇంజను ఆయిలు లెక్క వేరు, గేరు ఆయిలు లెక్క వేరు. ఇంజను ఆయిలులో 50, గేరు ఆయిలులో 90 దాదాపు ఒకే చిక్కదనం. సోలతో కొలిస్తే ఒక అంకె, లీటరుతో కొలిస్తే ఇంకో అంకె వచ్చినట్టు. గేరు ఆయిలు 140 అయితే వాటికంటే బాగా చిక్కన.

చిక్కన అయితే ఏమి నష్టం? బెల్లం పాకం చూడండి. పొయ్యి మీద నీళ్ళలెక్క కారుతుంది, దింపి పెడితే గరిటె కూడా తిరగదు. నూనె కూడా చలికి అట్లనే బిగుస్తుంది. మరీ పలుచన అయినా తప్పే. ఎండకాలం బరువు లాగేటప్పుడు గేరు పండ్ల నడుమ పొర నిలవక ఇనుము ఇనుము రాసుకుంటయి.

అసలు సంగతి మాస్సీ కడుపులో ఉన్నది. ఫెర్గూసన్ అనే ఐర్లండు ఆయన నాగలిని నూనె బలంతో ఎత్తే పద్ధతి తెచ్చిండు. 1946 నుంచి ఇంగ్లండులో ఆయన పేరుతో తయారైన చిన్న బూడిదరంగు ట్రాక్టర్లలో, లిఫ్టు పంపు వెనుక గేర్ల పెట్టెలో, ఆ నూనెలోనే మునిగి ఉంటుంది. మద్రాసు టాఫే కంపెనీ చేసిన మాస్సీ 1035 కూడా ఆ వంశమే. అంటే గేర్లకూ లిఫ్టుకూ ఒకే నూనె. గేర్లు చిక్కటిది ఓర్చుకుంటయి గానీ పంపు దాన్ని పీల్చలేదు. అటువంటి బండ్ల కోసం రెండు పనులూ చేసే ట్రాక్టరు ఆయిలు వేరే వస్తుంది. డబ్బా మీద యు.టి.టి.ఓ. అని రాసి ఉంటుంది. గేర్లకు వేరు, లిఫ్టుకు వేరు నూనె ఉండే ట్రాక్టర్లకు కంపెనీ పుస్తకం 90 అంటే 90, 140 అంటే 140. బ్రేకులు నూనెలో మునిగి ఉండే బండికి మామూలు గేరు ఆయిలు పోస్తే బ్రేకులు చప్పుడు చేస్తయి, సరిగ్గా పట్టవు.

డబ్బా మీద జి.ఎల్.-4, జి.ఎల్.-5 అని కూడా ఉంటుంది. ఇక్కడ కూడా నేనైతే 5 కొందును! 5లో ఎక్కువ బరువుకు ఓర్చే గంధకం మందులు ఎక్కువ కలుపుతారు. కొన్ని పాత బండ్లలో ఉండే ఇత్తడి, కంచు ముక్కలను అవి తినవచ్చు.

కరిగెట్టు పని చేసిన బండికి ఇంకో పరీక్ష. స్టిక్కు తీసి చూస్తే నూనె పాలచాయ లెక్క ఉన్నదంటే సీళ్ళ నుంచి నీళ్ళు పోయినట్టు. ఎంత మంచి ఆయిలు పోసినా సీలు మార్చకపోతే దండగే. పాత నూనెను బండి వేడిగా ఉన్నప్పుడే దించాలి, మురికి దానితోనే వస్తుంది. డ్రెయిన్ నట్టుకు ఇనుప ముక్కలు అంటుకొని వస్తే మెకానిక్‌కు చూపించాలి.

సరైన నూనె పోసినంక ఆ డబ్బా కాగితాన్ని నాయిన చింపి టూల్ బాక్సులో పెట్టుకున్నడు. ఇంగ్లీషులో ఆ నాలుగక్షరాలు ఏమిటని నన్ను అడిగిండు. నేను చెప్పకముందే వేలు పెట్టి తనే చదివిండు: "గిన్నె, రెండు గుంజలు, సున్న."

— 9వ తరగతి విద్యార్థిని