అరల అమరిక

జర్మనీకి చెందిన క్లాస్ టాయ్‌బర్ రూపొందించిన ‘కటాన్’ అనే బోర్డు ఆట 1995లో వెలువడింది. షడ్భుజాకారపు నేల బిళ్లలు 19, వనరుల కార్డులు 95, నాలుగు రంగుల చిన్న పావులు 96 అందులోని ముఖ్య సామగ్రి. ఒక్కటి పోయినా ఆటకు లోటే. అందుచేత కొందరు ఆటగాళ్లు పెట్టెలో ఇమిడే అరల పళ్లేన్ని కంప్యూటరుపై గీసి, త్రీడీ ప్రింటరుతో కరిగిన ప్లాస్టిక్కును పొరలు పొరలుగా పేర్చి ముద్రించుకుంటారు.

ముందుగా పెట్టె లోపలి కొలతలను, ప్రతి వస్తువు పరిమాణాన్ని మిల్లీమీటర్లలో తీసుకోవాలి. అర సరిగ్గా వస్తువంతే ఉంటే అది అందులో దిగదు. దిగినా చేతికి రాదు. కనుక చుట్టూ కొద్దిపాటి ఖాళీని, అంచున వేలు పట్టే సందును విడవాలి. పళ్లెమంతా ముద్రించే ముందు ఒక్క అరను ముద్రించి సరిచూసుకుంటే కాలం, ప్లాస్టిక్కు మిగులుతాయి. గోడ వస్తువును నిలుపుతుంది, ఖాళీ దానిని చేతికందిస్తుంది. రూపకర్త రెండింటినీ కొలవాలి.