వసూళ్ల ఉద్యోగంలో చేరిన మేనల్లుడికి

చీపురుపల్లి

చిన్నోడా,

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పలాస బ్రాంచి, బండి, చేతికో ట్యాబు. సంతోషమే. గ్రూపు లోన్ల కంపెనీ అనేసరికి మాత్రం నాకో ఇత్తడి బిందె గుర్తొచ్చింది.

2000లో ప్రభుత్వం వెలుగు పథకం మొదలెట్టిన ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఊరూరా సంఘాలు కట్టించి పొదుపు పుస్తకాలు రాసినదాన్ని నేను. పదిమంది ఆడోళ్లు ఒక అరుగు మీద చేరి ఒకరికొకరు పూచీ ఉండడం మేమే అలవాటు చేశాం. తర్వాత కంపెనీలొచ్చి అదే అరుగు మీద కూర్చున్నాయి. ఒకే మనిషికి నాలుగు కంపెనీలు అప్పిచ్చాయి. ఇవాళ్టి కిస్తీకి రేపటి అప్పు.

2010లో మా గ్రూపులో ఒకామె మొగుడు మంచాన పడ్డాడు. మూడు వారాలు కట్టలేకపోయింది. కంపెనీ కుర్రాడు గట్టిగా అరవనైనా లేదు. బండి దిగకుండానే, 'డబ్బు జమయ్యేదాకా ఎవరూ ఇళ్లకెళ్లరు' అన్నాడు, అంతే. మిగతాది మేమే చేశాం. ఐదుగురం వెళ్లి ఆమె పుట్టింటి బిందె తెచ్చి అమ్మేశాం. గ్రూపు లీడర్ని నేనే. ఆ కుటుంబం చెన్నై కూలిపనికి వెళ్లిపోయింది. ఆ బిందె ఎవరికి అమ్మామో నాకిప్పటికీ తెలుసు.

ఆ అక్టోబరులోనే రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాలో నమోదు కావాలి, వారం కిస్తీలు పోయి నెలకోసారి కట్టాలి, వడ్డీ అసలును మించకూడదు, బెదిరిస్తే జైలు. మంచిదే. కాకపోతే ఇల్లు కాలాక వచ్చిన నీళ్లు. జనం కట్టడం మానేశారు, బ్యాంకులు కంపెనీలకు అప్పివ్వడం మానేశాయి, మా వీధిలో అవసరం పడినవాళ్లు నూటికి ఐదు వడ్డీ మనిషి దగ్గరికే తిరిగి వెళ్లారు. అంతెందుకు, మన్యంలో వడ్డీ వ్యాపారుల మీద 1960లోనే రెగ్యులేషన్ ఉంది. కాగితమూ ఉంది, సాహుకారూ ఉన్నాడు. పదేళ్లు తిరక్కుండా అక్కడ గిరిజనులు తిరగబడ్డ సంగతి నీకు తెలిసిందే.

ఇప్పుడు నీ కంపెనీకి వర్తించేది రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇవ్వాలి. ఆ ఇంటి అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. అంటే పన్నెండు వేలు వచ్చే ఇంట్లో ఇప్పటికే నాలుగున్నర వేలు కడుతుంటే, నువ్వు వేసే కిస్తీ పదిహేను వందలు మించకూడదు. నీ ఉద్యోగమంతా ఈ లెక్కలోనే ఉంది బాబూ. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆమెను నెలకెంత వస్తుందని అడిగితే, పని జోరుగా ఉన్న నెల చెప్తుంది. పని ఆగిన నెల నువ్వు అడగాలి. ట్యాబులో పెద్ద అంకె కొడితే లోను పాసవుతుంది, నీ టార్గెట్టూ నిండుతుంది. రేపు ఆమె కట్టలేకపోతే ఆ తప్పు ఆమెది కాదు, అంకె కొట్టిన నీది.

వడ్డీ సంగతి. అప్పట్లో పదివేలిచ్చి, వారానికి 225 చొప్పున యాభై వారాలు కట్టించుకునేవారు. మొత్తం 11,250. 'పన్నెండున్నర శాతమే కదా' అనేవారు. వారం వారం అసలు తిరిగిపోతోంది కాబట్టి ఏడాదంతా ఆమె దగ్గర సగటున ఉన్నది ఐదువేలే. ఆ లెక్కన అసలు వడ్డీ పాతిక శాతం. నేను పుస్తకాలు రాసినదాన్ని, నాకే ఏళ్ల తరబడి తట్టలేదు. ఇప్పుడు ఆ నిజం అంకె అప్పు వివరాల కాగితం, అదే ఫ్యాక్ట్ షీట్ మీద, అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండి తీరాలి. కాగితం చేతిలో పెట్టి ఊరుకోకు, గట్టిగా చదువు.

వసూలు అందరూ అనుకున్న చోటే. వరసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికెళ్లాలి. పొద్దున్న 9కి ముందు, సాయంత్రం 6 దాటాక ఫోనైనా చెయ్యకూడదు. జరిమానా ఆగిన కిస్తీ మీదే, మొత్తం అప్పు మీద కాదు. ముందే తీర్చేస్తానంటే అదనంగా పైసా అడక్కూడదు. నీ కంపెనీ మీద చేసిన ఫిర్యాదును నెల రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, నంబరు 14448. ఆ నంబరు నువ్వే చెప్పు వాళ్లకి. మేనేజరు తిడితే తిట్టనీ.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీ ఫ్యాక్ట్ షీట్ ఖాళీది ఒకటి పట్టుకురా. మన వీధిలో ముగ్గురు ఏ కాగితం మీద సంతకం పెట్టారో తెలీకుండా బియ్యం డబ్బాలో దాచుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మీ అత్త