పడవ కాపురంలో వేణ్ణీళ్ల కుళాయి అవసరమా? తేల్చుకోవడానికి 12 చిట్కాలు

తెరచాప పడవనే ఇల్లు చేసుకుని ఏడాది పొడవునా నీటి మీదే ఉండేవాళ్లు అమెరికాలోని సియాటిల్ తీరం నుంచి కరీబియన్ దీవుల దాకా ఎందరో ఉన్నారు. 30, 40 అడుగుల పడవలో వంటిల్లు, పడక, స్నానాల గది సర్దుకున్నాక వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: వేడినీళ్లు వచ్చే కుళాయి పెట్టించుకోవాలా, వద్దా? ఒడ్డున ఇంట్లో అయితే గీజర్ స్విచ్ వేస్తే పనైపోతుంది. పడవలో ప్రతి లీటరు నీటినీ మోసుకెళ్లాలి, ఆ నీటికి వేడిని కూడా మనమే సమకూర్చుకోవాలి.

ఇక్కడ రెండు అవసరాలను విడదీసి చూడాలి. వేడినీళ్లు కావాలా అంటే దాదాపు అందరూ అవుననే అంటారు. తిప్పగానే వేడినీళ్లు కారే కుళాయి కావాలా అన్నది వేరే సంగతి. దానికి జవాబు పడవను బట్టి, అది ఉండే చోటును బట్టి మారుతుంది. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ 12 విషయాలు వరసగా చూసుకోండి.

1. పడవ ఏ నీళ్లలో ఉంటుందో చూడండి. మంచినీళ్ల ట్యాంకు సాధారణంగా పడవ అడుగున, నీటిమట్టానికి కిందే ఉంటుంది. అందుకే ట్యాంకులోని నీరు కొన్నాళ్లకు చుట్టూ ఉన్న సముద్రం ఎంత చల్లగా ఉంటే అంత చల్లబడుతుంది. కరీబియన్‌లో సముద్రపు నీరే 26 నుంచి 29 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడ చన్నీళ్ల స్నానం హాయిగానే ఉంటుంది. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్‌లో నీరు చాలా నెలలు 8 నుంచి 13 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఆ నీళ్లతో గిన్నె కడిగినా వేళ్లు కొంకర్లు పోతాయి.

2. లంగరు మీద ఉంటారా, మెరీనాలోనా? పడవలు కట్టేసుకునే రేవైన మెరీనాలో అద్దె కట్టి ఉండేవాళ్లకు ఒడ్డున స్నానాల గదులు ఉంటాయి, పడవకు కరెంటు తీగ వస్తుంది. అలాంటప్పుడు పడవలోని కుళాయి గిన్నెలకు, ముఖం కడుక్కోవడానికి పనికొస్తే చాలు. నెలల తరబడి లంగరు మీదే ఉండేవాళ్లకు నీరు, వేడి, కరెంటు మూడూ సొంతంగా సంపాదించుకోక తప్పదు. రాబోయే ఏడాదిలో ఎన్ని రాత్రులు రేవులో, ఎన్ని లంగరు మీద గడుస్తాయో కాగితం మీద రాసుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

3. నీళ్ల లెక్క ముందు, వేడి లెక్క తర్వాత. 300 లీటర్ల ట్యాంకు, ఇద్దరు మనుషులు అనుకుందాం. తాగడానికి, వంటకు, గిన్నెలకు రోజుకు 15 లీటర్లు. బకెట్ స్నానానికి మనిషికి 10 లీటర్ల చొప్పున 20. మొత్తం 35 లీటర్లు కాబట్టి ట్యాంకు ఎనిమిది రోజులు వస్తుంది. అదే షవర్ కింద మనిషికి 25 లీటర్లు పోతే రోజుకు 65 లీటర్లు అవుతాయి. అయిదో రోజుకే ట్యాంకు అడుగంటుతుంది. వేడినీళ్లు ధారగా వస్తుంటే కుళాయి కట్టాలని ఎవరికీ అనిపించదు. సుదూర ప్రయాణాల్లో నీటికి ఎంత విలువో సుహైలీ ప్రయాణం చెబుతుంది. బొంబాయిలో కట్టిన ఈ 32 అడుగుల పడవలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1969లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి అయ్యాడు. దారిలో ట్యాంకుల్లో నీరు పాడైతే వాన నీళ్లు పట్టుకునే ముందుకు సాగాడు. ట్యాంకు చిన్నదైతే ముందు నీటి నిల్వ పెంచండి. వేడి సంగతి ఆ తర్వాత.

4. వేడికి ఎంత శక్తి కావాలో అంకెల్లో చూడండి. 20 లీటర్ల నీటిని 30 డిగ్రీలు పెంచడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కావాలి. ఒడ్డున అది లెక్కలోకి రాదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీస్తే మాత్రం 58 యాంపియర్ అవర్లు, ఇన్వర్టర్‌లో పోయేది ఇంకా అదనం. లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు కోసం సగానికి మించి వాడకూడదంటారు కాబట్టి 200 యాంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి మనకు దక్కేది 100. అందులో సగానికి పైగా ఆ 20 లీటర్ల వేడినీళ్లకే పోతే రాత్రి లంగరు దీపానికి, ఫ్రిజ్‌కు, రేడియోకు ఏం మిగులుతుంది? సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు బాగా ఎక్కువగా ఉంటే తప్ప బ్యాటరీతో నీళ్లు కాచాలన్న ఆలోచన మానుకోండి.

5. ముందు ఒక సీజను కెటిల్, బకెట్‌తో గడపండి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా. మరిగిన నీళ్లు 2 లీటర్లు, 25 డిగ్రీల చన్నీళ్లు 8 లీటర్లు కలిపితే 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు 10 లీటర్లు తయారవుతాయి. మన ఇళ్లలో తరతరాలుగా నీళ్లు తొలుపుకుని చెంబుతో పోసుకున్నది ఇలాగే కాబట్టి మనకు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. ఆ 2 లీటర్లు మరగడానికి 30 గ్రాముల గ్యాస్ సరిపోతుంది. ట్యాంకు నీరు 10 డిగ్రీలే ఉండే చోట మాత్రం ఒక కెటిల్ చాలదు, ఇంకో లీటరున్నర మరగబెట్టాలి. ఒక జాగ్రత్త: కెటిల్‌ను సగానికి మించి నింపకండి, పొయ్యి మీద కదలకుండా క్లాంపులు బిగించండి. చన్నీళ్ల బకెట్‌ను ముందే కింద ఆనించి పెట్టి, దాంట్లోకి వేడినీళ్లు వంచండి. పడవ బాగా ఊగుతున్నప్పుడు మరిగే నీళ్లు పట్టుకుని నడవవద్దు, ఆ రోజుకు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోండి.

6. ఎండను, చేతి పంపును వాడుకోండి. 20 లీటర్ల నల్ల సోలార్ షవర్ సంచిని మధ్యాహ్నం డెక్ మీద ఎండలో పడేస్తే సాయంత్రానికి స్నానానికి సిద్ధం. మొక్కలకు మందు కొట్టేందుకు వాడే చేతి పంపు స్ప్రేయర్‌ను కొత్తది కొని వెచ్చని నీళ్లు నింపుకుంటే 4, 5 లీటర్లతోనే స్నానం ముగుస్తుంది. పురుగుమందులకు వాడిన పాతది మాత్రం దగ్గరికి రానివ్వకండి. వెచ్చని సముద్రాల్లో ముందు ఉప్పునీళ్లలో మునిగి, సబ్బు రుద్దుకుని, చివర్లో రెండు లీటర్ల మంచినీళ్లు పోసుకోవడం చాలామంది పాటించే పద్ధతే.

7. ఇంజిన్ వేడి వృథా పోతోందేమో చూడండి. డీజిల్‌లో ఉన్న శక్తిలో మూడోవంతు మాత్రమే పడవను నడుపుతుంది. మిగతాది పొగగొట్టం గుండా, ఇంజిన్‌ను చల్లబరిచే నీటి గుండా వేడిగా బయటికి పోతుంది. ఆ వేడిని పట్టుకునే పరికరం పేరు కెలోరిఫయర్. 20, 25 లీటర్ల ట్యాంకు, లోపల చుట్టలు తిరిగిన గొట్టం, బయట మందమైన ఇన్సులేషన్. ఇంజిన్ కూలెంట్ ఆ గొట్టంలో తిరిగి నీటిని వేడెక్కిస్తుంది. అరగంట నుంచి గంట ఇంజిన్ నడిస్తే ట్యాంకు వేడెక్కుతుంది, మంచి ఇన్సులేషన్ ఉంటే మర్నాటి ఉదయానికి కూడా వెచ్చగా ఉంటుంది. రేవులోంచి బయటికి రావడానికో, గాలి లేనప్పుడో, బ్యాటరీలు చార్జ్ చేయడానికో రోజూ కాసేపు ఇంజిన్ నడిపేవాళ్లకు ఇదే మేలైన దారి. కేవలం స్నానం కోసం ఇంజిన్ వేయడం మాత్రం తప్పు. బరువు లేకుండా గంటలు గంటలు నడిస్తే డీజిల్ ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది, సిలిండర్ గోడలు నున్నబడి ఆయిల్ తాగడం మొదలవుతుంది. నేరుగా సముద్రపు నీటితో చల్లబడే పాత ఇంజిన్లు ఉప్పు గట్టిపడకుండా 60 డిగ్రీల దగ్గరే నడుస్తాయి. వాటితో నీళ్లు అంతకంటే వేడెక్కవు. అసలు ఇంజినే లేని పడవకు ఈ దారే లేదు. లిన్, లారీ పార్డీ దంపతులు ఇంజిన్ లేని సెరాఫిన్‌లో ఒకసారి, తలీసిన్‌లో మరోసారి ప్రపంచం చుట్టారు. ఇంజిన్ వేడి లేకపోయినా దశాబ్దాల పడవ బతుకు సాగుతుందనడానికి ఆ దంపతులే రుజువు.

8. రేవు కరెంటు నుంచి ఎంత లాగగలరో లెక్కగట్టండి. చాలా కెలోరిఫయర్లలో కరెంటు కాయిల్ కూడా ఉంటుంది. అమెరికా మెరీనాల్లో చిన్న పడవలకు సాధారణంగా 120 వోల్టుల, 30 యాంపియర్ల కనెక్షన్ ఇస్తారు. 1500 వాట్ల కాయిల్ అందులో 12.5 యాంపియర్లు లాగుతుంది. చలికాలం గది హీటర్ మరో 12.5. ఆ పైన కరెంటు కెటిల్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడండి. ట్యాంకులో నీళ్లు లేకుండా కాయిల్ వేస్తే కాలిపోతుంది. బకెట్‌లో ఇమ్మర్షన్ రాడ్ పెట్టే అలవాటు పడవలోకి తేవద్దు. ఊగే పడవలో, తడి నేల మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది.

9. గ్యాస్ గీజర్ అయితే భద్రత మొదట. తిప్పగానే వేడినీళ్లు ఇవ్వడంలో దీనికి సాటి లేదు, ఇంజిన్‌తో పని లేదు. కానీ వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. ఇంట్లో లీకైతే తలుపు కిందుగానైనా బయటికి పోతుంది. పడవలో అది అడుగున బిల్జ్ అనే గుంటలో చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. రెండో ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. అందువల్ల బయటి గాలిని తీసుకుని పొగను బయటికే వదిలే మూసిన రకం హీటరే తీసుకోండి. సిలిండర్ విడి అరలో ఉండాలి, ఆ అర అడుగు నుంచి గ్యాస్ పడవ బయటికి జారిపోయే దారి ఉండాలి. గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ పెట్టండి. బిగించే పని అర్హత ఉన్న మెకానిక్‌కే అప్పగించండి.

10. పైపులు, వాల్వుల ఖర్చు కూడా కలుపుకోండి. హీటర్ నుంచి కుళాయి దాకా పైపులో నిలిచిన చన్నీళ్లు పోయాకే వేడినీళ్లు వస్తాయి. 12 మిల్లీమీటర్ల పైపులో ఆరు మీటర్లకు సుమారు 0.7 లీటర్లు. ప్రతిసారీ ఆ నీటిని కెటిల్‌లోకో, చెంబులోకో పట్టుకోండి. ఇంజిన్ వేడితో నీరు 80 డిగ్రీల దాకా పోవచ్చు, ఒళ్లు బొబ్బలెక్కుతుంది. కాబట్టి చన్నీళ్లు కలిపి వదిలే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ తప్పనిసరి. ఒత్తిడి పెరిగితే వదిలే రిలీఫ్ వాల్వ్ కూడా ఉండాలి. గోరువెచ్చగా రోజుల తరబడి నిలిచిన నీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అప్పుడప్పుడూ ట్యాంకును 60 డిగ్రీలకు పైగా వేడెక్కించండి. గడ్డకట్టే చలి ఉన్న చోట పడవను వదిలి వెళ్లే ముందు ట్యాంకు, పైపులు ఖాళీ చేయండి.

11. ఆవిరిని, మురుగునీటిని మరవకండి. చలి దేశంలో మూసిన పడవలో వేడినీళ్ల షవర్ అంటే గోడలన్నీ చెమ్మ, తర్వాత బూజు. స్నానాల గది నేల నీటిమట్టానికి కింద ఉంటే మురుగును పైకి తోడే పంపు, దానికి వెంట్రుకలు పట్టే జాలీ కావాలి. కుంకుడుకాయ, నూనె పెట్టి తలంటు పోసుకునేవాళ్లు ఆ జాలీని ప్రతిసారీ శుభ్రం చేయాలి. అలాంటి స్నానం మెరీనా గదుల్లో చేసుకోవడమే సుఖం.

12. పడవలో ఎవరెవరు ఉంటారో చూసి తేల్చండి. పసిపిల్లలు, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చలికి తట్టుకోలేనివాళ్లు ఉంటే వేణ్ణీళ్లు ఆరోగ్యానికి అవసరం. అలాంటి కుటుంబం ఖర్చు గురించి వెనకాడనక్కర్లేదు. నెయ్యి, నూనె ఎక్కువగా వాడే మన వంటలకు గిన్నెలు కడగడం ఒక్కటే సమస్య అయితే, ముందు కాగితంతో జిడ్డు తుడిచేసి ఒక కెటిల్ వేడినీళ్లతో కడిగితే పని అయిపోతుంది.

ఇక నిర్ణయం. చల్లని నీళ్లలో ఏడాది పొడవునా ఉంటూ, రోజూ ఇంజిన్ నడిపేవాళ్లు, లేదా రేవు కరెంటు ఉన్నవాళ్లు కెలోరిఫయర్ పెట్టించుకోండి. డీజిల్‌తో నీటిని వేడిచేసి గదులకు పంపే హీటర్ ఇప్పటికే ఉంటే దాన్ని కూడా అదే కెలోరిఫయర్‌కు కలపవచ్చు. వెచ్చని సముద్రాల్లో లంగరు మీద ఉండేవాళ్లకు కెటిల్, నల్ల సంచి చాలు. మిగతావాళ్లు ఒక సీజను బకెట్‌తో గడిపి, ఎన్ని రోజులు నిజంగా ఇబ్బంది పడ్డారో రాసుకుని అప్పుడు తేల్చుకోండి. ఎవరైనా సరే, మంచినీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, లంగరు గొలుసు బాగుచేసుకోకుండా వేణ్ణీళ్ల కుళాయి మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.