చిన్న విమానం ఎక్కితే పెద్ద భయం పోతుందా?

విమాన భయం మీద ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 38 ఏళ్లు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్ల క్రితం ఒక ప్రయాణంలో విపరీతమైన కుదుపులు వచ్చాయి. అప్పటి నుంచి విమానం అంటే వణుకు. ఆఫీసు పని మీద చికాగో వెళ్లాల్సి వస్తే 14 గంటలు కారు నడుపుకుంటూ పోతున్నాను. నాన్నగారి సంవత్సరీకానికి కూడా ఊరు రాలేకపోయాను. 2025 జూన్‌లో అహ్మదాబాద్ విమాన ప్రమాదం చూశాక భయం రెట్టింపైంది. మా ఆఫీసులో ఒకతనికి పైలట్ లైసెన్సు ఉంది. నాలుగు సీట్ల సెస్నా విమానంలో ఒక్క రౌండు తిప్పుతాను, దెబ్బకి భయం వదిలిపోతుంది అంటున్నాడు. వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వెళ్లండి. కానీ ‘దెబ్బకి వదిలిపోతుంది’ అన్న మాట మాత్రం నమ్మకండి. ఇలాంటి భయం మెట్టు మెట్టుగానే దిగుతుంది.

కారు కన్నా విమానమే భద్రమని మీకు తెలుసు. తెలిసినా వణుకు ఆగడం లేదంటే ఇది లెక్కలతో తేలే సంగతి కాదు. టికెట్ రద్దు చేసుకున్న ప్రతిసారీ మీ గుండె తేలికపడి ఉంటుంది. ఆ తేలికే భయానికి మేత. ‘ఎక్కలేదు కాబట్టి బతికాను’ అని శరీరం పాఠం నేర్చేసుకుంటుంది. ఆ పాఠం చెరిగిపోవాలంటే భయం పుట్టేచోటే ఉండి, అది పెరిగి, దానంతటది తగ్గేవరకూ ఆగాలి. మేం దీన్ని ఎక్స్‌పోజర్ థెరపీ అంటాం.

చిన్న విమానం ఇందుకు బాగా పనికొస్తుంది. పెద్ద విమానంలో ఇరవయ్యో వరుసలో కూర్చున్నవారికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. ఏ చప్పుడు ఎందుకొచ్చిందో అడగడానికి మనిషి ఉండడు. సెస్నాలో పైలట్ భుజం మీ భుజానికి తగులుతూ ఉంటుంది. ఎదురుగా అవే మీటర్లు, అదే ఆకాశం. ‘దింపేయండి’ అంటే రన్‌వే దగ్గర్లోనే ఉంటుంది, కాసేపట్లో నేల మీద ఉంటారు.

అయితే మొదటిసారి మీ స్నేహితుడితో వద్దు. అమెరికాలో చాలా ఫ్లయింగ్ స్కూళ్లు ‘డిస్కవరీ ఫ్లైట్’ పేరుతో కొత్తవాళ్లకి తొలి ప్రయాణం ఏర్పాటు చేస్తాయి. అందులో శిక్షకుడు పక్కన ఉంటాడు, నడిపే పరికరాలు ఇద్దరి ముందూ ఉంటాయి. బుక్ చేసేటప్పుడే మీ సంగతి చెప్పండి: ‘నాకు భయం. పదునైన మలుపులు వద్దు, విన్యాసాలు వద్దు, ఏం చేసేముందైనా నాకు చెప్పండి.’ మంచి శిక్షకుడు సంతోషంగా ఒప్పుకుంటాడు. తేలిగ్గా తీసుకుని నవ్వేస్తే ఇంకో స్కూలు చూసుకోండి.

మొదటి రోజు ఎగరొద్దు. ఆగి ఉన్న విమానంలో కూర్చుని రండి. రెండోసారి ఇంజిన్ వేయించి, నేల మీదే కొంతదూరం తిరగండి. మూడోసారి ఎయిర్‌పోర్టు చుట్టూ ఒక్క రౌండు. ఆ తర్వాత అరగంట. ప్రతిసారీ పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక వేడెక్కిన నేల నుంచి గాలి పైకి లేస్తుంది, తేలికైన విమానాన్ని అది ఎక్కువ కదిలిస్తుంది. టెక్సస్ వేసవిలో మధ్యాహ్నం సెస్నా ఎక్కడం మీలాంటివారికి అసలు పనికిరాదు.

ఎగిరే ముందు జరిగే తనిఖీ దగ్గర నిలబడి చూడండి. శిక్షకుడు రెక్క కింద నుంచి చిన్న పారదర్శకమైన గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి, వెలుతురుకి ఎత్తి చూస్తాడు. మామూలుగా వాడే విమాన పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. అడుగున నీటిబొట్టు కనబడితే పారబోసి మళ్లీ పడతాడు. రన్‌వే మీదకి వెళ్లేముందు ఇంజిన్ వేగం పెంచి, తాళంచెవిని ఒక్కో గడి తిప్పుతాడు. శబ్దం ఒక్కింత తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోలు రెండు ఉంటాయి, ఒకటి ఆగినా రెండోదానితో ఇంజిన్ నడుస్తుంది. ఆ తిప్పడం వాటిని విడివిడిగా పరీక్షించడమే. పైకి వెళ్లాక చేతులు వదిలేసి చూపించమనండి. సరిచేసి పెట్టిన సెస్నా 172 ఎవరూ పట్టుకోకుండానే తిన్నగా పోతూ ఉంటుంది. విమానాన్ని ఎవరో బలవంతంగా గాల్లో నిలబెడుతున్నారన్న మీ ఊహ అక్కడ సడలుతుంది.

దిగేటప్పుడు చక్రాలు నేలకి తాకేముందు సన్నగా ఊళ వేసినట్టు ఒక హారన్ వినబడవచ్చు. వేగం బాగా తగ్గిందని చెప్పే హెచ్చరిక అది. ఆ క్షణంలో తగ్గాల్సిందే కాబట్టి కంగారు పడకండి.

చివరిది, ముఖ్యమైనది. సెస్నాతో ఆపేస్తే ‘చిన్నది ఫరవాలేదు, పెద్దదే ప్రమాదం’ అని మనసు సర్దుకుంటుంది. ధైర్యం వచ్చిన కొద్ది వారాల్లోనే గంట, గంటన్నర దూరంలోని ఊరికి మామూలు విమానంలో వెళ్లి రండి. ఆ తర్వాత చికాగో. ఆ తర్వాత మీ ఊరు.

ప్రశ్న: చిన్న విమానం అంటే నాకు నటి సౌందర్య గారే గుర్తొస్తారు. ఎక్కువ ప్రమాదం ఉన్నదాన్ని ఎక్కి, తక్కువ ప్రమాదం ఉన్నదాని మీద భయం పోగొట్టుకోవడం సబబేనా? మా వారు హైదరాబాద్‌లోనే ఎక్కడైనా ఒక రౌండు వేద్దాం అంటున్నారు.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీ ప్రశ్న న్యాయమైనది. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన నాలుగు సీట్ల విమానం ఎగిరిన కాసేపటికే కూలి సౌందర్య సహా అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. చిన్న విమానాలు ఎయిర్‌లైన్ విమానాలంత భద్రం కావు, ప్రమాదాల రేటు చాలా ఎక్కువ. వాటికి సాధారణంగా ఒకటే ఇంజిన్, ఒకడే పైలట్. వాతావరణం బాగోలేకపోతే ఎగరాలా వద్దా అన్న నిర్ణయం చాలాసార్లు ఆ ఒక్కడిదే.

ఫలానా వేళకి ఫలానా చోటికి చేరాలన్న తొందర చిన్న విమానాల్లో పెద్ద శత్రువు. శిక్షకుడితో ఎయిర్‌ఫీల్డు చుట్టూ తిరిగి వచ్చే ప్రయాణంలో ఆ తొందర ఉండదు. మబ్బు పట్టిందా, ఇంటికి తిరిగొచ్చేస్తారు. అందుకే పగటిపూట, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, శిక్షకుడితో, అనుమతి ఉన్న సంస్థలో మాత్రమే అంటాను. బరువు అడిగితే నిజం చెప్పాలి, వాళ్లు సమతూకం లెక్క కట్టేది దాన్నిబట్టే. మన దగ్గర పైలట్ శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థకీ బయటివారిని ఎక్కించుకునే వీలు ఉంటుందనుకోకండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉందా అని ముందే అడగండి. సమాధానం నీళ్లు నమిలినట్టు ఉంటే అక్కడితో వదిలేయండి.

ఇవన్నీ కుదిరినా మీ మనసు ఒప్పుకోకపోతే ఎక్కనక్కర్లేదు. మీ వారికీ ఇదే మాట నా తరఫున చెప్పండి. చిన్న విమానం ఒక మార్గం మాత్రమే. ఎయిర్‌పోర్టుకి వెళ్లి విమానాలు ఎగరడం, దిగడం చూడటం దగ్గర మొదలుపెట్టి, దగ్గరి ఊరికి మామూలు విమానంలో వెళ్లినా అదే ఫలితం వస్తుంది.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. అమ్మాయి పురుడికి అమెరికా వెళ్లాలి. ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఇంజిన్ ఆగిపోతే రాయిలా పడిపోతుందేమో, కుదుపులకి రెక్క విరుగుతుందేమో అని నిద్ర పట్టడం లేదు. మా అబ్బాయి ముందు గన్నవరం నుంచి హైదరాబాద్‌కి ఫ్యాన్ల విమానం ఎక్కిస్తానంటున్నాడు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి మంచి ఆలోచన చేశాడమ్మా. అంత పెద్ద ప్రయాణాన్ని మొదటి ప్రయాణం చేసుకోకూడదు. ఆ ఫ్యాన్ల విమానం పేరు ఏటీఆర్. 70 మందికి పైగా పడతారు. రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. ఒక ఇంజిన్ ఆగినా రెండోదానితో వెళ్లి దిగగలదు. ఫ్యాన్లు బయటికి కనబడినంత మాత్రాన పాతకాలపు బండి అనుకోకండి. తక్కువ దూరాలకి ఇంధనం ఆదా అవుతుందని అలా తయారుచేస్తారు.

రెండు ఇంజిన్లూ ఆగినా విమానం రాయిలా పడదు. రెక్కల మీద జారుతూ మెల్లగా దిగుతుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న జెట్ విమానం సుమారు 150 కిలోమీటర్లు అలా సాగగలదు. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రం మీద ఒక ఎయిర్‌బస్‌లో ఇంధనం మొత్తం అయిపోయింది. ఇంజిన్లు లేకుండానే అది అజోర్స్ దీవుల దాకా జారుతూ వెళ్లి రన్‌వే మీద దిగింది. అందులో ఉన్న 306 మందీ బతికారు.

రెక్క సంగతి. కుదుపుల్లో రెక్క చివర పైకీ కిందికీ ఊగడం మీకు కిటికీలోంచి కనబడుతుంది. ఊగేలాగే దాన్ని కడతారు. పెద్ద విమానాల నిర్మాణం విమానం బరువుకి కనీసం రెండున్నర రెట్ల భారాన్ని మోయాలి. ఆ పైన ఇంకో సగం అదనంగా తట్టుకుంటుందని నిరూపించాలి. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివారికే. అందుకని కూర్చున్నంతసేపూ బెల్టు తీయకండి.

పొద్దుటి విమానానికి, రెక్క దగ్గరి వరుసలో సీటు తీసుకోమనండి, కదలిక అక్కడ తక్కువ. ఎగిరాక కింద దబ్బుమని శబ్దం వస్తే చక్రాలు లోపలికి ముడుచుకున్నాయన్నమాట. కాసేపటికి ఇంజిన్ హోరు తగ్గి, కిందికి దిగుతున్నట్టు అనిపిస్తుంది. ఎగరడానికి వాడినంత బలం ఇక అక్కర్లేదని పైలట్ తగ్గిస్తాడు, విమానం ఎక్కుతూనే ఉంటుంది. ఈ విషయాలు కాగితం మీద రాసుకుని చేతిలో పెట్టుకోండి. వెళ్లి, మర్నాడు తిరిగి రండి. అమెరికా ప్రయాణానికి ముందు మీ డాక్టర్‌కి ఒకసారి చూపించుకుని బీపీ, షుగర్ మందులు చేతిసంచిలో పెట్టుకోండి.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు సార్, ఎక్కేముందు ఒక మాత్ర గానీ రెండు పెగ్గులు గానీ వేసుకుంటే సరిపోదా?
– ఒక యువకుడు, హైదరాబాద్

జవాబు: ఆ పూట గడుస్తుంది, భయం అలాగే ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. విమాన భయం ఉన్న 28 మంది మహిళల్లో సగం మందికి ఆల్‌ప్రజొలామ్ ఇచ్చారు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. మొదటి ప్రయాణంలో మందు వేసుకున్నవారికి ఆందోళన తగ్గింది. వారం తర్వాత ఎవరికీ ఏ మందూ లేకుండా మళ్లీ ఎక్కించారు. ఈసారి మందు వాడినవారిలో 71 శాతం మందికి పానిక్ అటాక్ వచ్చింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 29 శాతం మందికే. మత్తులో ఉన్న శరీరం ఏ పాఠమూ నేర్చుకోలేదు.

మద్యం మీద మాత్ర వేసుకోవడం ఇంకా ప్రమాదం, ఊపిరి మందగిస్తుంది. డాక్టర్ రాసి ఇస్తే వేరు, మందుల షాపులో అడిగి కొనుక్కోకండి. దానికి బదులు ఊపిరి పీల్చినదానికన్నా వదలడం రెట్టింపు సేపు చేయండి. సీటు చేతులు గట్టిగా పట్టుకోకండి. ఐదేసి నిమిషాలకి భయానికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద వేయండి. ఆ అంకె ఎక్కువసేపు పైనే ఉండదని మీ చేతిరాతే మీకు చూపిస్తుంది.

ప్రశ్న: మీ సలహా లాంటిదే ఇక్కడి డాక్టర్ కూడా చెబితే సెస్నా ఎక్కాను. 20 నిమిషాలూ కళ్లు మూసుకుని ఏడుస్తూనే ఉన్నాను. దిగాక కూడా వణుకు తగ్గలేదు. నా వల్ల కాదని అనుకోవాలా?
– ఒక సోదరి, న్యూజెర్సీ

జవాబు: ఏడుస్తూ అయినా 20 నిమిషాలు ఆకాశంలో ఉన్నారు. అది గెలుపే. భయం లేకుండా ఎగరడం ఎవరికైనా తేలికే, భయంతో ఎగరడమే మీరు చేసిన పని.

ఈ రాత్రి ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ‘ఏం జరుగుతుందనుకున్నాను’, రెండోవైపు ‘ఏం జరిగింది’ అని రాయండి. స్పృహ తప్పుతుందనుకున్నారు, తప్పలేదు. గుండె ఆగుతుందనుకున్నారు, ఆగలేదు. ధైర్యం చల్లారేలోపే, అంటే వారం లోపే మళ్లీ వెళ్లండి. ఈసారి మార్చాల్సింది ఒక్కటే, కళ్లు తెరిచి ఉంచడం. కళ్లు మూసుకుంటే మనసు చూసేది ఊహించుకున్న ప్రమాదాన్ని, తెరిస్తే నిశ్చలంగా ఉన్న క్షితిజాన్ని. లిఫ్టుల్లో, రద్దీలో, ఇంట్లో కూడా ఇలాంటి అటాక్‌లు వస్తుంటే మాత్రం ముందు సైకియాట్రిస్టుకి చూపించుకోండి, విమానం సంగతి తర్వాత.

ఉత్తరాలు రాసిన అందరికీ ఒక్క మాట. భయం పూర్తిగా పోయాక టికెట్ కొందామని ఎదురుచూస్తే ఆ రోజు రాదు. టికెట్ కొన్నాకే భయం తగ్గడం మొదలవుతుంది. గంట ప్రయాణానికైనా సరే, ఈ నెలలోనే ఒక తేదీ ఖాయం చేసుకోండి.