అగ్నిమాపక కేంద్రము - నీటి లెక్క

తెలుగున "అగ్ని" అన్నను, ఉర్దూలో "ఆగ్" అన్నను ఆ మాటలకు పుట్టిల్లు ఒక్కటే. రెండు భాషలవారమును ఒకే కప్పు క్రింద చదువుకొనుచున్న మనకు ఈ విషయము ఆసక్తి గొల్పునని తలచుచున్నాను.

అగ్నిమాపక కేంద్రములో దినచర్య హాజరుతో మొదలగును. బండిలోని తొట్టి నిండియున్నదా, పంపు తిరుగుచున్నదా, గొట్టముల అతుకులు బిగువుగా నున్నవా అని ప్రతిదినము చూడవలెను. పిమ్మట కవాతు, నిచ్చెన అభ్యాసము. వాడిన గొట్టమును కడిగి ఆరవేయుటయు పనియే. 101కి కబురు వచ్చి గంట మ్రోగెనా, తినుచున్న అన్నము ముద్ద పళ్ళెములోనే నిలిచిపోవును.

ఇక నీటి లెక్క. పెద్ద బండిలో సుమారు 4,500 లీటర్లు పట్టును. నిమిషమునకు 450 లీటర్ల వంతున ఒక్క ధార విడిచినచో పది నిమిషములలో తొట్టి ఖాళీ. రెండు ధారలైనచో ఐదే నిమిషములు! కావుననే అచ్చటికి చేరిన అధికారి, మంటను చూచుచునే, మరల నీరెచ్చట దొరకునని వెదకును. ఒక కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 540 కిలోకేలరీల వేడిని లాగుకొనును. ఆవిరియై దాదాపు 1,700 రెట్లు వ్యాపించి గాలిని నెట్టివేయును. నీటి బలమంతయు ఇందే కలదు. మండుచున్న నూనెపై మాత్రము నీరు పనికిరాదు. నూనె పైకి తేలి మంటను ప్రాకించును; అచ్చట నురుగు వాడుదురు.

మన ప్రాంతమునకు వచ్చినచో, మేడ్చల్ పారిశ్రామికవాడ, శామీర్‌పేట వైపు జీనోం వ్యాలీ ప్రయోగశాలలు, 44వ జాతీయ రహదారిపై లారీల వరుసలు కలవు. శామీర్‌పేటలో పెద్ద చెరువే యున్నది. అయినను పంపు నీటిని పీల్చునది వాయుపీడనము వలననే గదా! లెక్క ప్రకారము 10 మీటర్లైనను, ఆచరణలో 7 మీటర్లకు మించి ఎత్తజాలదు. బండి గట్టు దిగి నీటి దాపునకు చేరు దారి లేనిచో నిండు చెరువును అక్కరకు రాదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అను నౌకకు నిప్పంటుకొనెను. పత్తి మూటలును, ప్రేలుడు సామగ్రియు ఒకే నౌకలో నుండెను. ఆర్పుచుండగనే అది ప్రేలి అగ్నిమాపక సిబ్బంది పలువురు బలియైరి. ఏటేట ఆ దినమున దేశమంతట వారిని స్మరించుదురు.

మనకు దగ్గరి సంగతి వేరొకటి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలోని తుక్కు గోదాములో మంట లేచెను. పై అంతస్తున బీహారు కూలీలు పన్నెండుగురు నిద్రించుచుండిరి. దిగుటకు గల ఇరుకు మెట్లు మంటలున్న గోదాములోనికే దారితీయుచుండెను. పదునొకండుగురు మరణించిరి, ఒక్కడు దూకి బ్రతికెను. అచ్చట కరవైనది నీరు కాదు, రెండవ దారి.

పాలక సంఘమువారికి నాదొక మనవి. మన పై అంతస్తు రెండవ మెట్లపై విరిగిన బల్లలు పేర్చబడియున్నవి. వానిని తీయించుటకు ఒక్క మధ్యాహ్నము చాలును. బల్లలు మోయుటకు మేము విద్యార్థులము సిద్ధము.