పిడికిలి విప్పి ఇవ్వండి

మా హైస్కూల్లో తెలుగులో ఫస్టు వచ్చినవాళ్లకి ఒక బహుమతి ఉండేది. ఎప్పుడో ఒక రైతు, చనిపోయిన తమ్ముడి పేరు మీద 500 రూపాయలు బ్యాంకులో వేశాడు. అసలు ముట్టుకోకూడదు. వడ్డీతోనే బహుమతి. అదీ తెలుగుకే. ఏడాదికి 50 రూపాయలు వచ్చేవి. నాకు వచ్చిన ఏడు ఆ డబ్బుతో ఒక నిఘంటువు, రెండు కథల పుస్తకాలు ఇచ్చారు. ఈమధ్య వార్షికోత్సవానికి వెళ్తే అదే బహుమతి, మైకులో అదే పేరు. వడ్డీ మాత్రం 30కి దిగింది. ఫస్టు వచ్చిన పిల్ల చేతిలో ఒక బాల్ పెన్ను పెట్టి ఫొటో తీశారు.

ఆ రైతుది పెద్ద చెయ్యే. కాలం మారుతుందన్న ఊహకే ఆయన కాగితంలో చోటు లేకపోయింది.

దానం చెయ్యమని మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. గుళ్లో ఫ్యాను తిరుగుతుంటే రెక్కల మీద దాత పేరు కూడా తిరుగుతుంది. ట్యూబులైటు మీద పేరు రాయించి వెలుతురు సగం ఆపేసిన మహానుభావుల్నీ చూశాను. మనకి చేతకానిదల్లా ఒకటే, ఇచ్చాక వదిలెయ్యడం.

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరానికి మేయరుగా చేసిన బ్రయన్ ముల్లన్ఫీ 1851లో చనిపోతూ ఆస్తిలో మూడో వంతు ఒక పనికి రాసిపోయాడు. స్థిరపడదామని పడమటి ప్రాంతాలకి బయల్దేరి, ఆ ఊళ్లో చేతిలో పైసా లేక చిక్కుకున్న బాటసారుల్ని ఆదుకోవాలి. ఆ రోజుల్లో అది ఎంతో అవసరం. తర్వాత రైళ్లొచ్చాయి. బళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు తగ్గిపోయారు. డబ్బు మిగిలింది, తీసుకునేవాళ్లు కరువయ్యారు. మన యాత్రా మార్గాల్లో సత్రాలకీ ఇదే గతి పట్టింది. నడిచి వెళ్లేవాళ్ల కోసం కట్టినవి బస్సులొచ్చాక ఎన్ని బోసిపోలేదు!

క్లీవ్‌లాండ్‌లో ఒక బ్యాంకు అధ్యక్షుడు ఫ్రెడరిక్ గాఫ్ ఇలాంటి వీలునామాల గురించే తల పట్టుకున్నాడు. దాతలు పోయినా వాళ్ల షరతులు చావవు. డబ్బు కదలదు. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘చచ్చినవాడి చెయ్యి’ అంటారు. 1914లో ఆయన ఒక ఏర్పాటు చేశాడు. ఊరివాళ్లంతా ఇచ్చింది ఒకే నిధిలో కలపాలి. బ్యాంకు దాన్ని జాగ్రత్త చెయ్యాలి. వచ్చే ఆదాయం ఎవరికి వెళ్లాలో మాత్రం ఊళ్లోనే ఉండే కొందరు పెద్దలు ఎప్పటికప్పుడు చూసి నిర్ణయించాలి. అదే క్లీవ్‌లాండ్ ఫౌండేషన్. ఇప్పుడలాంటి కమ్యూనిటీ ఫౌండేషన్లు ప్రపంచంలో వెయ్యికి పైనే ఉన్నాయి.

దీనివల్ల ఊరికి ఏం ఒరుగుతుందో లెక్కేసుకోండి. మీరొక్కరే 10,000 బ్యాంకులో వేస్తే 6 శాతం వడ్డీకి ఏడాదికి 600 వస్తుంది. ఆ డబ్బుకి ఒక జత బూట్లు కూడా కష్టమే. 300 మంది తలా 10,000 వేస్తే 30 లక్షలు. వడ్డీ 1,80,000. ఒక ఏడు హాస్టలు ఫీజులు, వరదొచ్చిన ఏడు బియ్యం, ఇంకో ఏడు ఆసుపత్రిలో పడ్డ కూలీకి మందులు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పక్కింటివాడికి తెలిసినట్టు ఢిల్లీలో కూర్చున్నవాడికి తెలియదు. ఒక్క జాగ్రత్త, వడ్డీలో కొంత అసలుకి కలుపుతూ ఉండాలి. లేకపోతే మా బాల్ పెన్ను కథే.

కాలం మారినా చెల్లే దానం కాకినాడ వైపు వాళ్లకి కొత్త సంగతి కాదు. కోరంగి నుంచి రంగూన్ వెళ్లి ఓడరేవు పనుల్లో బాగా గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారు తన ఆస్తిని వీలునామాతో ఊరి పిల్లల చదువుకి విడిచిపెట్టారు. రంగూన్‌తో మనవాళ్ల రాకపోకలు ఏనాడో తగ్గిపోయాయి. కాకినాడ జగన్నాథపురంలో ఆయన పేరిట నడిచే ఎం.ఎస్.ఎన్. చారిటీస్ బడికీ కాలేజీకీ మాత్రం పిల్లలు ఇంకా వెళ్తున్నారు. చదువు అన్న మాటకి కాలం చెల్లదు మరి.

కాబట్టి మీరు వీలునామా రాసేటప్పుడు వస్తువు పేరు కాదు, అవసరం పేరు రాయండి. ‘ఈ పని అక్కర్లేకపోతే దీనికి దగ్గరి పనికి వాడుకోవచ్చు’ అన్న వాక్యం తప్పకుండా చేర్చండి. ఇంత మొత్తం అని కాకుండా స్వార్జితంలో ఇంత వంతు అని రాస్తే మీ ఆస్తి పెరిగినా తరిగినా పేచీ ఉండదు. వీలునామాకి ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, అది మరవద్దు. మీరు డబ్బు ఇవ్వబోయే ట్రస్టు లెక్కలు ముందే అడిగి చూడండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చెయ్యండి. అన్నిటికంటే కష్టమైనది పిల్లలకి చెప్పడం. బతికుండగా చెబితే ఒక పూట అలుగుతారు. పోయాక తెలిస్తే కోర్టుకి వెళ్తారు.

అలాగని అంతా పోయాకే అని కూర్చోకండి. కొంచెం ఇప్పుడే ఇవ్వండి. ఇచ్చిన డబ్బు ఎలా నడుస్తుందో కళ్లారా చూస్తే, మిగతాది ఎవరి చేతిలో పెట్టాలో మీకే తెలుస్తుంది.

మా పెదనాన్న కిందటేడు వీలునామా రాయిస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అరెకరం అమ్మగా వచ్చే డబ్బు ఊరి ట్రస్టుకి, దానితో ఏటా ఆడపిల్లలకి సైకిళ్లు. చదివి వినిపించాను. “పెదనాన్నా, ఇంకో ఇరవై ఏళ్లకి సైకిలు ఎవరు తొక్కుతారు?” అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని చాలాసేపు మాట్లాడలేదు. “అయితే ఏం రాయమంటావురా?” అన్నాడు. చివరికి తనే పెన్ను తీసుకుని ‘సైకిళ్లు’ కొట్టేసి, పైన వణికే అక్షరాలతో ‘బడికి వెళ్లి రావడానికి ఏది కావాలంటే అది’ అని రాశాడు. కింద పథకానికి పెట్టుకున్న తన పేరు మాత్రం కొట్టెయ్యలేదు. నేనూ అడగలేదు.