నూతినీటిలో నూనె వాసన

గోదావరి డెల్టాలో నీటికి లోటు లేదని మనము తలచుట వాడుక. కాని సముద్రతీరమునకు సమీపించిన కొలది భూమిలోని మంచినీరు చాల పలుచని పొర. కాలువలనుండి, వరి చేలనుండి ఇంకిన తీపినీరు అడుగుననున్న ఉప్పునీటిపై తేలియుండును. మీ నూతులు, ఫిల్టరు పాయింట్లు తోడునది ఈ పొరనే. పెట్రోలు, డీజిలు నీటికంటె తేలిక. నేలలో కారిన నూనె దిగి దిగి సరిగా ఈ పొరమీదనే నిలుచును. పైన నూనె, క్రింద ఉప్పు, నడుమ మనము త్రాగు నీరు.

1995 జనవరి 8న పాశర్లపూడివద్ద గ్యాసు బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినప్పుడు, ఆ మంట దూరపు గ్రామములకు కూడ కనబడినది. టాంకి కారుటకు మంట లేదు, చప్పుడు లేదు. పెట్రోలు బంకులలో టాంకులు నేలలో పాతియుండును. తడినేల, అందును ఉప్పునేల, పాత ఇనుప టాంకును, గొట్టముల అతుకులను తినివేయును. బంకువారినే అననేల? రైసుమిల్లు వెనుక, రొయ్యల చెరువు గట్టున మనము దొర్లించి ఉంచిన డీజిలు పీపాలు కూడ ఈ లెక్కలోనివే.

పెట్రోలులో బెంజీను అను ద్రవ్యము నూటికి ఒక వంతు వరకు ఉండవచ్చును. ఇది కొంత నీటిలో కరగును; చిరకాలము త్రాగినచో రక్తపు క్యాన్సరు కలిగింపగలదు. త్రాగునీటిలో ఇది లీటరుకు 0.01 మిల్లిగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. లెక్క చూడండి. ఒక లీటరు పెట్రోలులో బెంజీను 8 గ్రాములకు పైగా ఉండవచ్చును. అదంతయు కరగినచో 8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చుటకు చాలును.

మన నీటిపై తరచు కనబడు రంగురంగుల తెట్టు అంతయు నూనె కాదు. ఇనుము గల నీటిపైనను అట్టి తెట్టు కట్టును. పుల్లతో కదిపి చూడవలెను. ఇనుపతెట్టు పెంకులవలె విరిగి విడిగా నిలుచును. నూనెతెట్టు మరల కలిసికొనును. వాసన కూడ ఉన్నచో సందేహము అక్కరలేదు. రుచి చూడరాదు. కాచినను, బ్లీచింగు కలిపినను ఈ నీరు బాగుపడదు. పైగా కాచునప్పుడు ఆవిరి ఇంటిలో నిండును. నూతిలోనికి దీపము దింపుట, మనిషిని దింపుట, అగ్గిపుల్ల గీచి పరీక్షించుట ప్రాణాపాయము. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు కనుక నూతిలోనే పేరుకొనును. దగ్గరనున్న మోటారు మీటను కూడ తాకరాదు.

శుభ్రపరచు పద్ధతులు కలవు: ప్రత్యేకపు బావి త్రవ్వి పైనున్న నూనెను తోడుట, నేలలోని ఆవిరిని యంత్రముతో పీల్చుట, గాలి ఎక్కించి నూనెను తిను సూక్ష్మజీవులను పెంచుట. కాని మన డెల్టాలో రెండు చిక్కులు కలవు. జోరుగా తోడినచో అడుగునున్న ఉప్పునీరు పైకి ఎక్కును. ఇక వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు నీటిమట్టముతోపాటు నూనెయు దిగును. కాలువలు వదలినప్పుడు నీరు పైకి లేచి, మట్టికి అంటిన నూనెను అక్కడనే బంధించును. అట్లు చిక్కిన నూనె తోడిన రాదు. అమెరికాలో బెమిడ్జివద్ద 1979లో ముడినూనె గొట్టము పగిలినది. నూనెను చాలవరకు ఎత్తివేసినను, మిగిలినది దశాబ్దముల తరువాతను భూమిలో నిలిచియుండెను. సూక్ష్మజీవులు తినుటచే కాలుష్యము మరీ దూరము ప్రాకలేదు, అంతే. అందుచే మొదటి వాసనకే కదలుట మేలు. ఒక కాలువసీజను గడచిన తరువాత ఖర్చు ఎన్నిరెట్లో పెరుగును.

పంచాయతి కార్యదర్శి మొదట ఆ నూతి వాడకము ఆపించి, ఇతర నీరు ఏర్పాటు చేయవలెను. తహశీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతమూలకముగా తెలిపి, చుట్టుప్రక్కల నూతుల పటము, వాసన మొదలైన తేదీ జతపరచవలెను. బంకువారు రోజూ కొలబద్దతో టాంకి కొలిచి వ్రాయు పుస్తకమును అడిగి చూడవలెను; అమ్మకమునకు, నిల్వకు తరుగు కలిసిరాకున్నచో కారుట అచటనే తెలియును. తీసిన మట్టిని మురుగుకాలువలో పోయింపరాదు. పరీక్షకు నీరు ప్రయోగశాలవారిచేతనే తీయించుట మంచిది. గాజుసీసాను గాలిబుడగ లేకుండ నిండ నింపి, చల్లగా ఉంచి పంపవలెను. సగము సీసా పంపినచో బెంజీను గాలిలోనికి లేచిపోయి, చెడిన నీటికే మంచినీరని పత్రము వచ్చును.